మెరుగుదలకు వీల్లేని గుండెలు

ఎర్రమెట్ట మునిసిపల్ పాఠశాలలో నేను గణితం చెబుతాను. పేరు గురునాథం. పాతికేళ్ల సర్వీసులో నాకు వచ్చిన మెమో ఒక్కటే. బడికి ఆలస్యంగా వెళ్లినందుకు కాదు, పిల్లల్ని కొట్టినందుకూ కాదు. మా పిల్లల గుండెలు బాగున్నాయని ఉన్నదున్నట్టు రాసినందుకు వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి భద్రంగా దాచుకున్నాను.

ఎర్రమెట్ట అంటే మా నగరం అంచున ఉన్న కొండ. చదునైన నేలంతా కలిగినవాళ్లు తీసేసుకోగా, హార్బరులో మూటలు మోసేవాళ్లు, చేపలమ్మేవాళ్లు, ఇళ్లల్లో అంట్లు తోమేవాళ్లు ఈ కొండవాలును చెక్కుకుని ఇళ్లు కట్టుకున్నారు. కింద మా బడి. బడి గోడ పక్కన కుళాయి. ఆ కుళాయి దగ్గర్నుంచి కొండమీది చివరి ఇంటికి రెండువందల పద్నాలుగు మెట్లు. ఒకసారి నేనే ఎక్కి లెక్కపెట్టాను, అదీ మధ్యలో నాలుగుసార్లు కూర్చుని.

కుళాయిలో నీళ్లు పొద్దున్న ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా వస్తాయి. ఆ వేళకి పెద్దవాళ్లు పనుల్లోకి పోతారు కాబట్టి నీళ్లు మోసే ఉద్యోగం పిల్లలది. నెత్తిన చుట్టకుదురు, దానిమీద బిందె, మనిషికి ఆరు విడతలు. అంచేత మొదటి పీరియడు గణితాన్ని నేను సగం బెంచీలకే చెప్పుకునేవాణ్ణి. కొండమీదికి పైపు వెయ్యమని అక్కడివాళ్లు పదిహేడేళ్లుగా అర్జీలు పెడుతున్నారు. "కొండ ఎత్తు దృష్ట్యా నీటి ఒత్తిడి చాలదు" అని పదిహేడేళ్లుగా ఒకటే జవాబు. జవాబిచ్చే అధికారులు మారారుగాని కొండ ఎత్తు మారలేదు.

ఆ సగం బెంచీల్లో ఒకటి నూకాలుది. ఏడో తరగతి. తల్లి రొయ్యల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు, నాయనమ్మ పైడమ్మ చేపల గంప. చుట్టకుదురు రాపిడికి ఆ పిల్లకి నడినెత్తిన రూపాయి బిళ్లంత మేర జుట్టు పోయింది. అది కనపడకుండా పక్కపాపిడి తీసి రిబ్బను అడ్డంగా కట్టుకునేది. దానికి ఒక్కటే కోరిక, జిల్లా ఆటల పోటీల్లో పరుగెత్తాలని. ఎంపికలు ఏటా పొద్దున్న ఏడింటికి జరుగుతాయి. ఏటా ఆ వేళకి అది మూడో బిందె మీద ఉండేది.

అలాంటి రోజుల్లో పైవాళ్లకి పేదపిల్లల గుండెల మీద ప్రేమ పుట్టింది.

ఆడుకోవడానికి చోటు లేక, కదలిక లేక, బస్తీ పిల్లల గుండెలు చిన్నప్పుడే బలహీనపడుతున్నాయని ఎక్కడో ఒక పెద్ద సభలో తేల్చారట. ఆ మాట నిజమే కూడాను. కాలవ పక్క బస్తీల్లో పిల్లలకి కాళ్లు చాపుకోవడానికే చోటు లేదు, ఇక పరుగెత్తడం ఎక్కడ? ఏదో ఒకటి చెయ్యాల్సిందే. చేశారు. 'బాల హృదయ వికాస మహోద్యమం' అని పేరు పెట్టి, అధికారులందరూ ఒకే రంగు బనీన్లు తొడుక్కుని, బీచి రోడ్డు మీద అర కిలోమీటరు నడిచి, వెనకే వచ్చిన కార్లెక్కి వెళ్లిపోయారు. మర్నాడు మా బడికి ఒక ఫ్లెక్సీ, ఒక రిజిస్టరు, కరోనా రోజుల్లో అందరం చూసిన వేలికి తగిలించే యంత్రం ఒకటి వచ్చాయి.

"లెక్కలొచ్చినవారు మీరే కదా, హృదయ సమన్వయకర్త కూడా మీరే," అన్నారు మా ప్రధానోపాధ్యాయిని వకుళాదేవి గారు. ఆవిడ ఇంకో రెండేళ్లలో రిటైరవుతారు. ఈలోగా ఏ గొడవా లేకుండా గట్టెక్కాలని ఆవిడ కోరిక.

పరీక్ష సులువే. పిల్ల మూడు నిమిషాలపాటు బల్ల ఎక్కి దిగాలి. ఒక్క నిమిషం ఆగి నాడి చూడాలి. అంకె ఎంత తొందరగా కిందికి దిగితే గుండె అంత గట్టిదన్నమాట. నూటపది దాటితే బలహీనం.

నూకాలు బల్ల ఎక్కి దిగి, నా మొహంలోకి చూసింది. "ఇంతేనేటి మేస్టారూ? బిందె అక్కర్నేదా?"

యంత్రం డెబ్బై ఎనిమిది చూపించింది. నేను నమ్మలేక నా వేలికి తగిలించుకుని చూశాను. కుర్చీలో కూర్చున్నవాడిని, నాకు తొంభై రెండు. ఆ రోజు తొంభై ఆరుగురు పిల్లల్ని పరీక్షిస్తే నూరు దాటినవాడు ఒక్కడే, వాడికి ఆ రోజు జ్వరం. పాతికేళ్లలో మా బడి దేంట్లోనూ ముందు నిలవలేదు. నాకు గర్వంగా అనిపించింది. వకుళాదేవి గారు ఫలితాల కింద ఎర్రసిరాతో గీతలు గీసి మరీ పంపారు.

పది రోజులకి మెమో వచ్చింది.

"పై సూచికలోని మీ నివేదిక పరిశీలించడమైనది. మీ పాఠశాల విద్యార్థుల హృదయములు ప్రారంభ దశలోనే ఆరోగ్యవంతముగా ఉన్నట్లు నమోదు చేసియున్నారు. మహోద్యమ లక్ష్యము ప్రకారము ప్రతి పాఠశాలయందు ముప్పై శాతము మెరుగుదల సాధించవలసియున్నది. మెరుగుదలకు వీలులేని హృదయములను నమోదు చేసి పథక స్ఫూర్తికి భంగము కలిగించినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

"అంకెలు సరిగా ఉన్నవి, గుండెలు కూడా సరిగా ఉన్నవి, చిత్తగించవలెను" అని సంజాయిషీ రాశాను. అది చిత్తగించి, సంయుక్త సంచాలకులు కుసుమాకర్ గారు స్వయంగా వచ్చారు.

ఆయన మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. మణికట్టుకి అడుగులు లెక్కపెట్టే పట్టీ. మాట్లాడుతుంటే ఎదురుగా కనపడని సభ ఒకటి ఉన్నట్టు చూపు మన తల మీదుగా పోతుంటుంది.

"చూడండి గురునాథం గారూ, నేను ఆరోగ్యానికి వ్యతిరేకిని కాను," అన్నారు. "కాని ఆరోగ్యం అనేది ఒక ప్రణాళిక ప్రకారం, దశలవారీగా, పర్యవేక్షణలో రావాలి. ఇష్టం వచ్చినట్టు ముందే వచ్చేస్తే దాన్ని విజయంగా ఎలా చూపించగలం? నగరంలో నలభై బడుల్ని ఎంపిక చేశాం. ముప్పై తొమ్మిది చోట్ల గుండెలు చక్కగా, మేము ఆశించినంత బలహీనంగా ఉన్నాయి. మీ దగ్గరే ఎందుకిలా?"

"కొండండీ," అన్నాను.

కొండ చూస్తానన్నారు. ముందు ఆయన, వెనక నేను, ఆ వెనక నీళ్లసీసా పట్టుకుని వకుళాదేవి గారు. నలభై ఒకటో మెట్టు దగ్గర ఆయన కూర్చుండిపోయారు. చేతి పట్టీ టింగుమని మోగి ఆయన్ని అభినందించింది. సరిగ్గా అప్పుడే నూకాలు నిండుబిందెతో మా పక్కనుంచి ఎక్కి, బిందె దింపి మళ్లీ దిగుతూ, "పక్కకి జరగండి బాబూ, దోవకడ్డంగా కూకున్నారు" అంది.

కుసుమాకర్ గారు రొప్పుతూనే చిటికె వేశారు. "దొరికింది! అసంఘటిత శారీరక శ్రమ! ఈ పిల్లలు ఎవరి అనుమతీ లేకుండా, ఏ పథకం కిందికీ రాకుండా, ఇంత వ్యాయామం చేసేస్తున్నారు. దీన్ని వెంటనే నివారించాలి. ఆర్నెల్లు వీళ్లకి సంపూర్ణ విశ్రాంతి కల్పిస్తే గుండెలు సాధారణ స్థాయికి బలహీనపడతాయి. అప్పుడు మనం మెరుగుపరుద్దాం."

"మరి నీళ్లో సార్?" అన్నారు వకుళాదేవి గారు. "మోయొద్దంటే ఇళ్లల్లో తాగడానికి ఉండవు."

"పైకి తెప్పిద్దాం. అదెంత పని!"

పదకొండు రోజులు పట్టింది. ఒక మోటారు, ఒక ట్యాంకు, కొండ పొడుగునా పైపు, తొమ్మిది కుళాయిలు. పదిహేడేళ్లుగా చాలని ఒత్తిడి పదకొండు రోజుల్లో చాలింది. అయితే ఆరోగ్యం ఫైల్లో కుళాయి అన్నమాట రాయకూడదట, నీటి విభాగంవాళ్లు అభ్యంతరం చెబుతారట. అంచేత వాటికి 'హృదయ విశ్రాంతి బిందువులు' అని పేరు పెట్టి, ఒక్కోదానికీ ఒక ఎర్రగుండె బొమ్మ వేశారు.

ప్రారంభోత్సవం నలభై ఒకటో మెట్టు దగ్గరే జరిగింది, అంతకన్నా పైకి కుసుమాకర్ గారు రాలేదు. మొదటి కుళాయి తిప్పగానే నీళ్లు బుస్సుమని దూకాయి. పైడమ్మ దోసిలి పట్టి తాగి, మిగిలింది మొహాన కొట్టుకుని నిలబడింది.

"ఒలమ్మ! పదిహేడేళ్లు నీళ్లియ్యండి బాబూ అని అందరి కాళ్లూ అట్టుకున్నాం. ఇయ్యనేదు. మా పిల్లగుంటల గుండెలు పాడవ్వాలనీసరికి ఇచ్చీసినారు. ఈ ముక్క ముందే సెప్తే ఏదో తంటా పడి పాడుసేసుకుందుం కదేటి," అంది.

కుసుమాకర్ గారు దాన్ని కృతజ్ఞత అనుకుని నమస్కారం పెట్టారు.

ఆ సోమవారం మొదటి పీరియడుకి బెంచీలన్నీ నిండాయి. నా జీవితంలో మొదటిసారి హాజరుపట్టీలో పేర్లన్నీ పిలిచి, అన్నింటికీ జవాబు విన్నాను. నూకాలు మూడో బెంచీలో కూర్చుంది. రెండు వారాల్లో తెలిసిపోయింది, దానికి లెక్కలు రాకపోవడం కాదు, లెక్కల వేళకి అది రాలేకపోయింది. ఇన్నేళ్లూ మొద్దు అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

విశ్రాంతి దశ నియమాలు గోడకి అంటించారు. పరుగెత్తరాదు. గెంతరాదు. డ్రిల్లు పీరియడులో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోవలెను. పదకొండింటికి ఒక్కొక్కరికి ఒక వేపుడు చిప్సు పొట్లం. "ఇది మా బడి కాదండి, పెళ్లివారి విడిది" అన్నాడు సైన్సు మేష్టారు. పిల్లలు చిప్సు తిన్నారు, కుర్చీల్లో కూర్చున్నారు, చెప్పినమాట విన్నారు. బడి వదలగానే ఒక్క పరుగున కొండెక్కారు. నలభై ఒకటో మెట్టుకి పైన ఏం జరుగుతోందో ఏ అధికారీ చూడడని వాళ్లకి తెలుసు. ఇదివరకు నీళ్లకి పోయే మూడు గంటలూ ఇప్పుడు ఆటకి మిగిలాయి. పొద్దున్న ఆరింటికే నూకాలు పైనున్న రాతిబాట మీద పరుగు మొదలుపెట్టేది. నెత్తిన బిందె లేకపోతే మనిషి ఇంత తేలిగ్గా ఉంటుందని తనకి తెలియదంది. నడినెత్తిన కొత్తజుట్టు మొలకెత్తింది.

రెండో నెలలో రెండో దశ సర్క్యులరు వచ్చింది. నేను దాన్ని నోటీసు బోర్డుకి పెట్టి క్లాసుకి పోయాను. నూకాలు చదివి, నా వెనకే వచ్చింది.

"మేస్టారూ, ఇదేటండి? మూడు నెల్లు వరసగా పరీక్షలో ఒకేలాగుంటే ఇసరాంతి దశ అయిపోయినట్టట. బిందువులు మూసేస్తారట. మూసేసి మాకు ఇసక నింపిన పైబరు బిందెలిస్తారట. రోజుకారు సార్లు మెట్లెక్కమన్నారు. పాటలు కూడా ఎడతారట."

"అవును."

"మరి నీళ్లో?"

"కింద కుళాయి ఉందిగా."

"అంటే ఇసక బిందెలారు, నీళ్ల బిందెలారునా?" కాసేపు వేళ్లు ముడిచింది. "మా గుండెలు పాడవ్వాలంటే నీళ్లొస్తాయి, బాగవ్వాలంటే ఆగిపోతాయి. ఇసక తాగలేం కదండి మేస్టారూ."

ఆ మధ్యాహ్నం వకుళాదేవి గారి చేత కుసుమాకర్ గారికి ఫోను చేయించాను. ఆయన ఎంతో ఓపిగ్గా చెప్పారు. మోసేది నీళ్లయితే అది శ్రమ అట, ఇసుక అయితే వ్యాయామం అట. శ్రమకి పథకం లేదు. వ్యాయామానికి ఉంది.

ఆ వారం నేను సిలబస్సు ప్రకారం సగటు చెబుతున్నాను. నూకాలు చెయ్యెత్తింది.

"మేస్టారూ, మూడు అంకెలు ఒకేలా రాకుండా ఉండాలంటే ఏటి సెయ్యాల?"

"ఒకదానికొకటి దూరంగా ఉండాలి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది."

"అదెప్పుడూ అలగే ఉండాలంటే?"

"ఎప్పుడూ కదులుతుండాలి," అన్నాను. అన్నాక ఎందుకడిగిందో అర్థమై, సుద్దముక్క కింద పెట్టి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. పిల్లలు ఏదో రాసుకుంటున్నారు.

పరీక్ష రోజు పొద్దున్న, బేసి రోల్ నెంబర్ల పిల్లలందరూ రెండుసార్లు కొండెక్కి దిగి, రొప్పుతూ వరసలో నిలబడ్డారు. నూట ముప్పై, నూట నలభై. సరి నెంబర్లవాళ్లు అప్పుడే చాపమీంచి లేచొచ్చినట్టు డెబ్బైల్లో ఉన్నారు. పై నెలలో సరి నెంబర్లు రొప్పాయి, బేసి నెంబర్లు ఆవులించాయి. మూడో నెలలో మూడో ఎక్కంలో ఉన్నవాళ్లందరూ. యంత్రం చూపించిందే రాశాను. ఒక్క అంకె మార్చలేదు. పరీక్షకి ముందు పిల్లలు ఎక్కణ్ణుంచి వచ్చారో రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

ఆ అంకెలు చూసి కుసుమాకర్ గారికి కోపం వస్తుందనుకున్నాను. ఆనందం వచ్చింది.

"ఇది మామూలు బలహీనత కాదు!" అన్నారు ఫోనులో. "ఒక నెల అద్భుతం, ఒక నెల అధ్వాన్నం. చంచల హృదయ లక్షణం. ప్రపంచంలో ఇంకెక్కడా నమోదు కాలేదు. విశ్రాంతి దశను పొడిగిస్తున్నాం. బిందువుల్లో నీరు ఇంకో గంట పెంచండి!"

ఆ లక్షణం గురించి ఆయన మూడు నగరాల్లో ప్రసంగించారు. తెరమీద మా పిల్లల అంకెలతో గీసిన గ్రాఫు వేస్తే సభంతా నిట్టూర్చిందట. సరి బేసి సంఖ్యల సంగతి ఒక్కరికీ తట్టలేదు. విశ్రాంతి దశ నాలుగుసార్లు పొడిగించారు. ఏడాది తిరిగేసరికి కొండమీద ఏడు ఇళ్లలో బొప్పాయి చెట్లు కాశాయి. నూకాలు ఎనిమిదో తరగతికి వచ్చి, నడిపాపిడి తీసుకుంది.

గొడవ ఆటల పోటీలతో వచ్చింది.

ఆ ఏడు పోటీలకి రాజధాని నుంచి పర్యవేక్షక బృందం వస్తోంది. వాళ్లకి గ్రాఫులు కాదు, సజీవ ప్రదర్శన చూపించాలని కుసుమాకర్ గారి ఆలోచన. ఎర్రమెట్ట పిల్ల ఒకర్ని ఆరువందల మీటర్ల పరుగులో దింపితే, కాసేపు పరుగెత్తి ఎలా కూలబడుతుందో బృందం కళ్లారా చూస్తుందని. రిజిస్టరు తిరగేసి, అంకెలు అన్నిటికన్నా ఎక్కువగా ఎగిరి పడుతున్న పేరు ఆయనే వేలుపెట్టి చూపించారు. రోల్ నెంబరు పదిహేను. బేసి సంఖ్య, పైగా మూడో ఎక్కంలోది. నూకాలు.

"ఒకవేళ కూలబడకపోతేనో సార్?" అన్నాను.

"అప్పుడు ఆమె స్థితి ఆరోగ్యమని బహిరంగంగా ఖరారైనట్టే. ఒక్కరిది ఖరారైతే బడి మొత్తానిదీ ఖరారే. వెంటనే బిందువులు మూసి రెండో దశకి వెళ్లిపోదాం. ఇసుక బిందెలు గోదాములో సిద్ధంగా ఉన్నాయి," అన్నారు. ఆయనకి రెండు విధాలా లాభమే.

పోటీల ముందురోజు సాయంత్రం నూకాలు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది.

"ఎంపికలు నేకుండానే పంపిస్తన్నారటగా మేస్టారూ."

"అవునమ్మా."

"నెగ్గితే పతకమిస్తారు కదండి. నెగ్గితే కుళాయి?"

నేను ఎదురుగా ఉన్న రిజిస్టరు మూసేశాను.

"ఓడిపోతానులెండి," అంది. గుమ్మం పట్టుకుని గోటితో సున్నం గీకింది. "కానండి, పరిగెట్టడం మొదలెట్టినాక నా కాళ్లు ఆగుతాయో నేదో నాకు తెల్దు. ఎప్పుడూ ఆపి సూణ్ణేదు."

ఒక పిల్ల ఏళ్లతరబడి కోరుకున్నది చేతికొచ్చిన రోజున, దాన్ని జారవిడవడం ఎలాగో నన్నడుగుతోంది. గుమాస్తాగా పుట్టినా బాగుండేది, మేష్టరునెందుకయ్యానా అనిపించింది.

మర్నాడు మైదానంలో షామియానా, దానికింద పర్యవేక్షక బృందం, పక్కన మైకుతో కుసుమాకర్ గారు. పైడమ్మ ఖాళీ గంప పక్కన పెట్టుకుని కంచె దగ్గర నిలబడింది. ఎనిమిదిమంది ఆడపిల్లలు గీత మీదికొచ్చారు. అందరికీ బూట్లున్నాయి, నూకాలుకి లేవు.

ఈల మోగింది. మొదటి వందా నూకాలు వెనకే ఉంది. తల దించుకుని, తనని తాను పట్టుకుని పరుగెత్తుతోందని నాకు తెలుస్తూనే ఉంది. రెండొందలు దాటాక, ఏమైందో, తలెత్తింది. అంతే. ఒక్కొక్కర్నీ దాటుకుంటూ వచ్చింది. నాలుగొందల దగ్గర ముందు ఎవరూ లేరు. వెనక వచ్చే పిల్లకీ దానికీ మధ్య ఇరవై గజాలు. జనం లేచి అరిచారు. నేనూ అరిచాను. అరుస్తూనే కళ్లు మూసుకున్నాను. నాకు తొమ్మిది కుళాయిలు కనపడ్డాయి.

షామియానాలో కుసుమాకర్ గారు మైకు దించారు. బృందం పెద్దాయన ఆయన వైపు తిరిగి ఏదో అడుగుతున్నాడు.

కంచె దగ్గర పైడమ్మ గంప మీద చేత్తో కొడుతూ గొంతు చించుకుంది. "పరిగెట్టీయే నూకాలూ! నీళ్ల సంగతి నాను సూసుకుంతాను! పరిగెట్టీయే!"

గెలుపు తాడు ఇంకా పదడుగులుంది. నూకాలు నాయనమ్మ వైపు చూసింది. చూసి, ఆగింది. ఆగి, చెయ్యి గుండెమీద వేసుకుని, బాట అంచున సున్నపు గీత మీద కూర్చుంది. బూట్ల పిల్లలు ఒకరి తరవాత ఒకరు దాటుకుని పోయారు.

"చూశారా!" మైకు మళ్లీ లేచింది. "ఇదే చంచల హృదయ లక్షణం! ముందు విజృంభణ, పిమ్మట పతనం! ఇప్పుడు మన సమన్వయకర్త ఒక్క నిమిషం ఆగి నాడి చూసి, అంకెను అందరికీ వినపడేలా ప్రకటిస్తారు."

నేను యంత్రం తీసుకుని వెళ్లి దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. వేలికి తగిలించాను. చెంపలమీద చెమటా కన్నీళ్లూ కలిసిపోయాయి గాని, ఊపిరి అప్పటికే సర్దుకుంటోంది. నూట యాభై, నూట ఇరవై, నూరు. గడియారం ముల్లు తిరిగొచ్చింది. యంత్రం మీద ఎనభై రెండు. ఆరువందల మీటర్లలో చివరి పదడుగులు తప్ప అన్నీ పరుగెత్తిన పిల్లకి, ఒక్క నిమిషంలో ఎనభై రెండు. అంత అందమైన అంకెను నేనెన్నడూ చూడలేదు.

బృందం పెద్దాయన కుర్చీలోంచి లేచి ఇటే వస్తున్నాడు.

"మేస్టారూ," అంది నూకాలు, పెదవులు కదపకుండా. "మీరు తప్పు అంకె రాయరు కదండి."

యంత్రాన్ని అరచేత్తో కప్పేశాను.

"నూట అరవై ఎనిమిది!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. సరిపోదేమోనని ఇంకోసారి అరిచాను. "నూట అరవై ఎనిమిది! పెరుగుతోంది కూడానండీ!"

పెద్దాయన వచ్చినంత వేగంగా వెనక్కి తగ్గాడు. ఈ పిల్లని మళ్లీ పరుగెత్తించవద్దనీ, ఎర్రమెట్టలో విశ్రాంతి దశని తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు నిరవధికంగా కొనసాగించాలనీ అక్కడికక్కడే ఆదేశించాడు. వకుళాదేవి గారు ఆ కాగితం మీద సంతకం అయ్యేదాకా పెద్దాయన పక్కనుంచి కదల్లేదు. సంతకం అయ్యాక, రిటైరయ్యేదాకా గొడవొద్దనుకున్న ఆ మనిషి, కాగితాన్ని చేతిసంచిలో పెట్టి జిప్పు లాగి, దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు.

కుసుమాకర్ గారు నా భుజం తట్టారు. "మొదట్లో మిమ్మల్ని అపార్థం చేసుకున్నాను గురునాథం గారూ. మీ నిజాయితీ ఇవాళ చూశాను." ఆ వారంలోనే నా మెమోని ఉపసంహరించుకున్నట్టు ఉత్తర్వు వచ్చింది. నిజం రాసినందుకు వచ్చిన కాగితం, అబద్ధం అరిచినందుకు పోయింది. మెమోని మాత్రం నేను తిరిగివ్వలేదు.

పోటీల రోజు సాయంత్రమే ముగ్గురం సిటీబస్సులో కొండ దగ్గర దిగాం. పైడమ్మ దారి పొడుగునా మనవరాలిని తిడుతూనే వచ్చింది. "పరిగెట్టమన్నాను కదే! నానుండగా నీకేటే?" అంటుంది, కొంగుతో కళ్లొత్తుకుంటుంది. నూకాలు కొండ మొదట్లో ఆగి, పైకి చూసి, రిబ్బను బిగించి కట్టుకుంది.

"మేస్టారూ, మీ వాచీ ఉందేటి?"

"ఉంది."

"సూడండైతే."

పరుగెత్తింది. నలభై ఒకటో మెట్టు దాటి, ఎర్రగుండె బొమ్మల కుళాయిల్ని ఒక్కొక్కటే దాటి, ఎక్కడా ఆగకుండా, చివరి ఇంటిదాకా. పైనుంచి చెయ్యూపింది. నిమిషం మీద ఎనిమిది సెకన్లు. ఆ అంకెని నేను ఏ రిజిస్టరులోనూ ఎక్కించలేదు. పైడమ్మ మొదటి కుళాయి తిప్పి, గ్లాసు కడిగి, నాకు మంచినీళ్లిచ్చింది.